కుర్చీ వేసి అడిగిన మాట

శిరీష ఆటో దిగకముందే వరండాలో రంగికి కుర్చీ పడింది.

శకుంతలమ్మ ఆ ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ బయటికి తెచ్చిందంటే కిరాయికి ఎవరో వస్తున్నారని లైను మొత్తానికీ తెలుసు. సూర్యాపేటలో మా లైను రైసు మిల్లు గోడకు ఆనుకొని ఉంటుంది. ఎదురెదురుగా రెండు వరుసల రేకుల గదులు, మధ్యలో సందు, సందు చివర అందరికీ కలిపి ఒక నల్లా. సందు మొదట్లో ఓనర్ల డాబా. మిల్లూ వాళ్ళదే, గదులూ వాళ్ళవే. మిల్లులో బస్తాలు మోసే హమాలీలు, ఊడ్చే ఆడవాళ్ళు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునేవాళ్ళు ఈ గదుల్లో ఉంటారు. ఎక్కువమంది ఆత్మకూర్ చుట్టుపక్కల తండాల నుంచి వచ్చినవాళ్ళు. నేను మొదటి గదిలో బట్టలు కుడతాను. మిషను ముందు కూర్చుంటే వరండా అంతా కనిపిస్తుంది, మాటలూ వినిపిస్తాయి.

"కూసో రంగీ," అంది శకుంతలమ్మ.

రంగి మిల్లులో ఊడ్చే మనిషి. తలమీద ఊక దులుపుకొని కుర్చీలో కూర్చుంది. కిరాయికి వచ్చిన పిల్ల మెట్ల కింద నిలబడింది. అక్కడి పద్ధతి అది. ఓనరమ్మ అడుగుతుంది, వచ్చినవాళ్ళు నిలబడి చెబుతారు, లైనులోంచి పిలిపించిన మనిషి కుర్చీలో కూర్చొని వింటుంది. చివర్లో ఆమె ఒక మాట చెప్పాలి. ఆ మాట మీదే గది దొరకడం, దొరకకపోవడం.

"ఏం పని జేస్తవమ్మా?"

"దవాఖానల నర్సునమ్మా. మొన్ననే చేరిన. రాత్రి డ్యూటీలు పడ్తయి. తండ కాడికి రాత్రి బస్సు లేదు. ఈ నెలల దగ్గర్ల రూము సూసుకోకుంటే పని మానుకొమ్మన్నరు."

"మీరేమిట్లు?"

కులం పేరెత్తకుండా కులం అడిగే మాట అది. శిరీష తడుముకోలేదు.

"లంబాడోల్లమమ్మా."

"పెండ్లయిందా?"

"అయింది. ఇద్దరికి పడలే. విడిగ ఉంటున్న."

"నీసు వండుతవా?"

"మీరొద్దంటే వండనమ్మా."

"ఫోన్ల మీ భాష గట్టిగ మాట్లాడ్తవా? మా ఇంటికి సుట్టాలు వస్తుంటరు."

"మెల్లగ మాట్లాడ్తనమ్మా," అంది.

నా చేతి కింద మిషను ఆగింది. మాంసం వదులుకుంది, మొగుడి సంగతి బజార్లో నిలబడి చెప్పుకుంది, ఇప్పుడు తల్లి నేర్పిన మాట కూడా గొంతులో దాచుకుంటానంటోంది. ఇవన్నీ నాలుగు గోడల కోసం.

శకుంతలమ్మ కుర్చీ వైపు తిరిగింది. "ఏమంటవ్ రంగీ? మీ దిక్కు పిల్లే గద."

రంగి ఆ పిల్ల తెల్ల బూట్లు చూసింది. చేతి గడియారం చూసింది. తరువాత ఆ పిల్ల చూపు ఎక్కడుందో చూసింది. శిరీష మేడమీది గది వైపు చూస్తోంది. ఓనర్ల డాబా మీద ఒకటే గది అది. రెండు వైపులా కిటికీలు, వేరే బాత్రూము. మిల్లు దుమ్ము అంత ఎత్తుకు రాదు. రంగి భర్త ధర్మాకు ఊక దుమ్ముతో దగ్గు పట్టుకొని ఏళ్ళవుతోంది. "ఆ గది జర మాకియ్యమ్మా, మనిషికి గాలాడ్తది," అని రంగి ప్రతి పండక్కీ అడుగుతూనే ఉంది. శకుంతలమ్మ ప్రతి పండక్కీ సూద్దాం అంటూనే ఉంది.

"పిల్ల మంచిదే గావచ్చమ్మా," అంది రంగి. "గానీ ఆల్లింట్ల లొల్లి ఎక్కువ."

అంతే. శకుంతలమ్మ ముఖంలో నవ్వు మారలేదు.

"రూము ఇంక ఖాళీ గాలేదమ్మా. అయినంక ఫోన్ జేపిస్త."

మేడమీద ఖాళీ గది తలుపు గాలికి కొట్టుకుంటోంది. శిరీష ఆ తలుపును చూసి, కుర్చీలో ఉన్న మనిషిని చూసింది. తమ మాటలో మెల్లగా అడిగింది. తల్లిని పిలిచినట్టు యాడీ అని పిలిచి, నేను నీకేం చేశానని అడిగింది. రంగి కొంగు సర్దుకుంది. ఆటో వెనక్కి తిరిగింది.

సాయంత్రం నల్లా దగ్గర ఆ పిల్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. కుర్చీ గురించి మాట్లాడారు.

"ఆమెనే ఎందుకు కూసోబెడ్తది?" అంది జ్యోతి. హమాలీ రూప్లా భార్య ఆమె. రంగి పక్క గదిలోనే ఉంటుంది. "నేను రోజు వాకిలి కడుగుత. నా పిల్లలు నోరిప్పరు. ఆమె నెత్తినిండ ఊక. గదేం అందమో ఓనరమ్మకు!"

"నువ్వు కూసుంటే కుర్చీ ఇరుగుతదని," అన్నాడు రూప్లా.

"ఇరిగితే నీ అయ్య కొనిస్తడు తియ్!"

అందరూ నవ్వారు. కానీ జ్యోతి నవ్వలేదు. బిందె నిండి కారిపోతున్నా చూసుకోలేదు.

మా లైనులో ఈ జబ్బు అందరికీ ఉండేది. ఎవరికి మూల గది వచ్చింది, ఎవరికి ఓనరమ్మ పాత పరుపు ఇచ్చింది, ఎవరి పేరు ఆమె నోట ముందు వచ్చింది అని ఒకరినొకరు కొలుచుకునేవాళ్ళం. ఓనర్లను చూసి మాకు కడుపు మండేది కాదు. వాళ్ళ బతుకు మాకు అందేది కాదనుకున్నాం. పక్క గదిలో ఫ్యాను కొత్తదైతే మాత్రం నిద్ర పట్టేది కాదు.

శిరీష ఇల్లిల్లూ తిరిగింది. ఆమె ఒక బజారు నుంచి మరో బజారుకు వెళ్ళేలోపు ఆమె ఫోటో ఓనర్ల వాట్సాప్ గ్రూపులో ముందే చేరిపోయేది. లంబాడ, మొగుడు లేడు, ఇంట్లో లొల్లి. రంగి చెప్పిన మాట ఆమె కంటే ముందు నడిచేది. డ్యూటీ దిగి, దవాఖానలోనే బెంచీ మీద పడుకునేది. బస్తా జారి కాలు విరిగిన ఒక హమాలీని చేర్చడానికి వెళ్ళిన హరిలాల్ ఆమెను అక్కడ చూసి సంగతంతా విన్నాడు. హరిలాల్ మా లైను మనిషే. హమాలీ సంఘంలో తిరుగుతాడు. ఎప్పుడు చూసినా గొంతు బొంగురుపోయి ఉంటుంది.

అతనూ, సంఘానికి తోడుగా తిరిగే కాలేజీ పిల్లలు కొందరూ శిరీషను వెంటబెట్టుకొని వార్డు కౌన్సిలర్ ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళారు. ధనలక్ష్మి కూడా ఒకప్పుడు కిరాయి ఇళ్ళల్లో పెరిగిన మనిషే. ఆమె ఒక తీర్మానం రాయించింది. ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు కులం అడగకూడదు. తిండి అడగకూడదు. పెళ్ళి సంగతి అడగకూడదు. ఆధార్ చూడొచ్చు, అడ్వాన్సు తీసుకోవచ్చు. అంతే. ఇరుగుపొరుగును పిలిపించి మంచిచెడ్డలు చెప్పించుకోవడం, ఫోటోలు ఊరంతా తిప్పడం బంద్. వార్డు సభలో జనం మాట విని, దాన్ని కౌన్సిల్ ముందు పెడతానని చెప్పింది.

మరునాటికి సూర్యాపేటలో ఒక్క టూలెట్ బోర్డు కనిపించలేదు. గేట్ల మీద బోర్డులు కట్టిన తీగలు మాత్రం మిగిలాయి.

ఓనర్లు మా మిల్లు ఆవరణలోనే మీటింగు పెట్టుకున్నారు. మైకు పెట్టారు. గోడకు ఇవతల మేమంతా నల్లా దగ్గర నిలబడి విన్నాం.

మా ఓనరు పాండురంగం సేటు మొదట మాట్లాడాడు. "మా తాత గింజ గింజ ఏరుకొని పెట్టిన వ్యాపారం ఇది. ఈ ఇల్లు నేను కట్టిన. నా ఇంట్ల ఎవరుండాల్నో నేను అడుగొద్దంట! రేపు ఏదన్న అయితే పోలీసోల్లు ఎవరిని పిలుస్తరు? నన్నే గద?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. కట్టినవాడి బాధ అది. మోసినవాళ్ళ పేరు అందులో లేదు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన మిల్లు యజమాని లేచాడు. "ఇయ్యాల మీ తాన పాసైతే, రేపు మా తానకొస్తది. ఈడనే ఆపుండ్రి."

తరువాత కోదాడ ఓనరు. ఆయన మాట కొంచెం ఆంధ్రా వైపు పోతుంది. "మా పిల్లలు ఏళ్ళ తరబడి కోచింగులకు తిరుగుతున్నారండీ. ఉద్యోగాలేమో వాళ్ళకొస్తున్నాయి. తండాల్లోంచి వచ్చి స్కూటీల మీద తిరుగుతున్నారు. ఇప్పుడు మన మేడమీద గదులు కూడా వాళ్ళకేనా?"

చప్పట్లు గట్టిగా మోగాయి.

జ్యోతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓ యమ్మో! ఈల్లు మనల్ని జూసి కుళ్ళుతుండ్రే! మనతాన ఏమున్నదని?"

"నీతాన నేనున్న," అన్నాడు రూప్లా.

"గందుకే అడిగిన, ఏమున్నదని."

నవ్వుకున్నాం కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. పైవాళ్ళకు కిందివాళ్ళ మీద కూడా అసూయ ఉంటుందని, అది మైకులో మాట్లాడుతుందని, చప్పట్లు కొట్టించుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మా అసూయ నల్లా దగ్గర గొణుగుతుంది. వాళ్ళ అసూయ గేటుకు తాళం వేస్తుంది.

ఆ వారమంతా శకుంతలమ్మ మంచిదైపోయింది. సందులోకి వచ్చి పిల్లల తలలు నిమిరింది. వార్డు సభకు రమ్మని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చెప్పింది. ఏం చెప్పిందో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కానీ రంగి నడకలో ఏదో మారింది. జ్యోతి పాటలు పాడుతూ గిన్నెలు తోమింది. తోపుడు బండి దుర్గయ్య గడ్డం గీయించుకున్నాడు.

సభకు ముందు రోజు పొద్దున ఓనర్లు పెళ్ళికి వెళ్ళారు. నేను మిషను దగ్గర కూర్చున్నాను. రంగి చీపురు, నీళ్ళ బకెట్టు పట్టుకొని మేడ మెట్లెక్కింది. కాసేపటికి జ్యోతి బూజుకర్ర పట్టుకొని అవే మెట్లెక్కింది. ఆమె వెనక దుర్గయ్య, భుజం మీద సున్నం డబ్బాతో. మెట్ల మీద ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది రంగి.

"నా గది నేను ఊడ్సుకోనా? నువ్వెందుకొచ్చినవ్?"

"నీ గదా! ఓనరమ్మ నాకన్నది. సభల మంచిగ చెప్పు రంగీ, పైగది నీదే అన్నది."

"నాకూ గదే అన్నది!"

దుర్గయ్య సున్నం డబ్బా మెట్టు మీద పెట్టాడు. "సేటు నాతోని ఒట్టేసిండు," అన్నాడు నెమ్మదిగా.

ఎవరైనా అప్పుడు ఓనర్ల తలుపు వైపు చూస్తారు. మావాళ్ళు చూడలేదు. ఆ గదికి తగింది నేనంటే నేనని ఒకరి మీద ఒకరు పడ్డారు. అదే మా తప్పు. మోసం చేసినవాళ్ళను వదిలి, మోసపోయినవాళ్ళు కొట్టుకున్నారు. కేకలకు లైనంతా సందులోకి వచ్చింది.

"నీ మొగడు దగ్గి దగ్గి గోడలు కరాబ్ జేస్తడు, నీకెందుకే పైగది?" అంది జ్యోతి.

"నా మొగని దగ్గు మీద మన్నుబొయ్య! నీ తమ్ముడు తాగొస్తడని నేనంటేనే గద ఆనికి ఈడ రూము ఇయ్యలే!"

జ్యోతి ముఖం తెల్లబోయింది. "నా తమ్ముడు చుక్క ముట్టడు. నువ్వా చెప్పింది?"

"నువ్వు నన్ను నల్లా కాడ నిలవనియ్యలె. కోపం మీదున్న. అడిగిండ్రు, చెప్పిన."

"నా బిడ్డను, అల్లున్ని ఎవలు రానియ్యలే?" అన్నాడు దుర్గయ్య. "ఆల్లు ఇప్పటిదాంక బైపాస్ అవతల గుడిసెల ఉన్నరు. ఎవలు చెప్పిండ్రు?"

రూప్లా తల వంచుకున్నాడు. "ఓనరమ్మ అడిగింది, కాకా. నీ అల్లుడు మాదిగోడా అని. అవునన్న. అంతే అన్న."

ఒక్కొక్కటే బయటపడింది. ఎవరి చెల్లెలు వెనక్కి వెళ్ళిందో, ఎవరి మేనల్లుడు వెళ్ళాడో, ప్రతిదాని వెనక మా లైనులో ఒక నోరు ఉంది. ఓనర్లు ఎవరినీ కాదనలేదు. మా చేత అనిపించారు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి హరిలాల్ వచ్చాడు. శిరీషను కూడా వెంట తెచ్చాడు. నా గది ముందే అందరూ కూర్చున్నారు. పొద్దున అరిచినవాళ్ళంతా ఒకరికొకరు దూరంగా, గోడలకు ఆనుకొని ఉన్నారు.

"మిల్లుల ఏం జేస్తం మనం?" అన్నాడు హరిలాల్. "వడ్లు జల్లెడ పడ్తం. రాయి వేరు, తాలు వేరు, గింజ వేరు. సేటు ఈడ గూడ గదే జేస్తుండు. మనుషులను జల్లెడ పడ్తుండు. ఆ జల్లెడ పట్టే చెయ్యి మనదే."

"మాటలు మంచిగనే ఉన్నయ్ హరిలాలూ," అంది రంగి. అందరికంటే దూరంగా కూర్చుంది ఆమె. "నువ్వు సంఘంల తిరుగుతవు. నిన్ను మీటింగుల ముందల కూసోబెడ్తరు. నన్ను ఈ ఊర్ల కూసో అన్నది ఆ కుర్చీ ఒక్కటే. మిల్లుల కూసుంటే మేస్త్రీ తిడ్తడు. దవాఖానల కూసుంటే లెవ్వమంటరు. ఆ కుర్చీల కూసుంటే నన్ను అడుగుతరు, నా మాట ఇంటరు. మల్ల ఏం జెయ్యమంటవ్?"

శిరీష లేచింది. డ్యూటీ బట్టలతోనే ఉంది. "నీ మాట ఇన్నరు యాడీ. ఇని నన్ను బెంచీ మీద పండబెట్టిండ్రు. నిన్ను పైగదిల పండబెట్టిండ్రా?"

రంగి చూపు నేలకు దించింది.

"నీ మాట ఎవలు ఇనలే. నిన్నడిగింది నీ మాట కోసం గాదు. ఆల్ల మాట నీ నోట్లకెల్లి రావాల్నని."

ధర్మా లోపల దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఆగేదాకా రంగి నేల వైపే చూసింది. తరువాత లేచి లోపలికి పోయింది. క్షమించమని అడగలేదు. శిరీష కూడా అది కోరి రాలేదు.

సభకు ఓనర్లు మమ్మల్ని మిల్లు వ్యానులో తీసుకుపోయారు. అందరికీ పులిహోర పొట్లాలు ఇచ్చారు. పొట్లాలు తీసుకున్నాం. షామియానా కింద ఒకవైపు ఓనర్లు, ఒకవైపు కాలేజీ పిల్లలు, హమాలీలు. ధనలక్ష్మి తీర్మానం చదివింది. ఓనర్లు గోల చేశారు. పిల్లలు ఎదురు గోల చేశారు. పాండురంగం సేటు చేయెత్తి అందరినీ ఆపాడు.

"మేం చెప్తే స్వార్థం అంటరు. కిరాయికుండేటోల్లనే అడుగుండ్రి. ఎవరుపడితే వాల్లు పక్కింట్లకొస్తే ఆల్లకు ఇష్టమేనా? మా రంగమ్మ చెప్తది."

రంగి అప్పటికి రంగమ్మ అయింది. శకుంతలమ్మ మైకు పక్కన కుర్చీ జరిపింది. రంగి కూర్చోకుండా నిలబడే మైకు పట్టుకుంది.

"నేను రంగిని. సేటు లైన్ల ఉంట. కొత్తోల్లొస్తే ఎట్లాంటోల్లో చెప్పేది నేనే." ఆమె గొంతు మైకులో మరీ పెద్దగా వినిపించింది. ఆమే ఉలిక్కిపడింది. "గా నర్సు పిల్ల ఇంట్ల లొల్లి ఉన్నదని చెప్పింది నేనే. ఆల్లిల్లు నాకెరుకనే లేదు. ఆ పిల్ల పైగది దిక్కు సూసింది. ఆ గది మీద నాకాశ. కుళ్ళుకొని చెప్పిన. గీ ఊర్ల కిరాయి ఇండ్ల గురించి మీరు ఇన్న మాటలన్ని గిట్లాంటియే. నన్ను నమ్మి ఇల్లు ఇయ్యొద్దు. నన్ను నమ్మి ఇల్లు ఆపొద్దు. గా కాయిదం పాస్ జెయ్యుండ్రి."

పాండురంగం సేటు మైకు అందుకోబోయాడు. దుర్గయ్య ముందే అందుకున్నాడు. "పైగది నాకిస్తనని సేటు ఒట్టేసిండు. ఈమెకూ అదే చెప్పిండ్రు. గీ జ్యోతికీ చెప్పిండ్రు."

జ్యోతి పరుగున వచ్చింది. "నా సంగతి నేను జెప్పుకుంట, నువ్వెందుకు జెప్తవ్ కాకా?" అని మైకు లాక్కుంది. అందరూ నవ్వారు. ఆమె రంగి కంటే ఎక్కువసేపు మాట్లాడింది. ఆమె దిగనంటుంటే ధనలక్ష్మే దింపింది. తరువాత మా వార్డు కిరాయిదార్లందరి చేతులూ లేచాయి. జనం మాట ఇదీ అని రాసి, తీర్మానం కౌన్సిలుకు పంపుతున్నట్టు ధనలక్ష్మి ప్రకటించింది.

ఇంటికి నడిచి వచ్చాం. వ్యాను మా కోసం ఆగలేదు.

కౌన్సిల్ సమావేశం ఇంకా ముందుంది. ఆలోపే సేటు సందులోకి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. గొంతు పెంచలేదు.

"ఎవరికి ఏం గాదు. మీరంత ఉండుండ్రి. నా ఇంట్ల తిని నన్ను బజార్ల నిలబెట్టిన మనిషి ఒక్కతే పొద్దుగాల్ల ఖాళీ చెయ్యాలె. ఇగ రంగి ఉండే ఆ మూల గది పెద్దది. అటక ఉన్నది. కిటికి ఉన్నది." ఆయన జ్యోతి వైపు చూశాడు. "ఎవరికి కావాల్నో మా ఇంట్ల అడుగుండ్రి."

ఆయన వెళ్ళిపోయాక నేను చూశాను. ఒక్కొక్కరి కళ్ళూ ఆ మూల గది తలుపు మీదికి పోయి వచ్చాయి. నా కళ్ళూ పోయాయి. జ్యోతి కళ్ళు పోయి అక్కడే ఉండిపోయాయి.

పొద్దున సేటు మనుషులు వచ్చి రంగి సామాను రోడ్డు మీద పెట్టారు. ట్రంకు పెట్టె, గ్యాసు పొయ్యి, మంచం, ధర్మా మందుల సంచి. అది మిల్లుకు లారీలు వచ్చే దారి. వానాకాలం వడ్లు దిగే రోజులు. రంగి ధర్మాను మంచం మీద కూర్చోబెట్టి, తాను పెట్టె మీద కూర్చుంది. నిటారుగా కూర్చుంది. ఏడవలేదు.

ముందు కాలేజీ పిల్లలు వచ్చారు. తరువాత హరిలాల్, ఆ వెనక ధనలక్ష్మి. ఫోన్లు లేచాయి. పేపరతను ఒకడు బైకు దిగి, "అమ్మా, మీ పేరు?" అన్నాడు.

"రంగి. భర్త పేరు ధర్మా. మంచిగ రాసుకో," అంది రంగి.

లైను గుమ్మాల్లో అందరం నిలబడి చూస్తున్నాం. ఎవరూ గడప దాటలేదు. దాటితే గది పోతుంది. దాటకపోతే ఏం పోతుందో అందరికీ తెలుసు. హరిలాల్ మా వైపు తిరిగి పిలిచాడు. ఎవరూ కదలలేదు.

జ్యోతి తన గుమ్మంలో నిలబడి ఫోన్లను చూసింది. పేపరతన్ని చూసింది. రంగి పెట్టె మీద కూర్చున్న తీరు చూసింది. ఆమె ముఖంలో రంగులు మారుతున్నాయి. నల్లా దగ్గర కుర్చీ గురించి మాట్లాడిన రోజు చూసిన ముఖమే అది. ఓనరమ్మ దగ్గరికి వెళుతుందనుకున్నాను.

జ్యోతి లోపలికి పోయింది. గ్యాసు పొయ్యి ఒక చంకన, సిలిండరు మరో చేత పట్టుకొని బయటికి వచ్చింది. సందు దాటింది. రోడ్డెక్కింది. పొయ్యి రంగి పెట్టె పక్కన దబ్బున పెట్టింది.

"ఏందే రంగీ? నువ్వొక్కదానివే బజార్ల కూసొని పేరంత కొట్టుకపోదామనుకుంటున్నవా?"

"నిన్నెవలు రమ్మన్నరే?"

"మేం గూడ ఈ లైన్లనే ఉన్నం. జరుగు!"

"ఈడ జాగ లేదు. గటు కూసో."

"బజారు నీ అయ్యదా? జరుగంటే!"

రంగి జరిగింది. జరుగుతూ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఓ పేపరాయనా!" అని అరిచింది జ్యోతి. "జ్యోతి అని రాయి. మూల గది ఇస్తనంటె ఒద్దన్నదని రాయి."

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. రూప్లా పరుపు నెత్తిన పెట్టుకొని వచ్చాడు. దుర్గయ్య తోపుడు బండిని దారికి అడ్డంగా తోశాడు. "ముందల ఉండేది నా బండి," అన్నాడు. "నువ్వు నిన్నటిదాంక ఏడున్నవ్ కాకా?" అని ఎవరో ఎగతాళి చేశారు. "నీకంటే ముందొచ్చిన పో," అన్నాడు. గిన్నెలు, బిందెలు, దేవుడి పటాలు, పిల్లల పుస్తకాల సంచులు. ఎవరు ముందు, ఎవరు వెనక అని కొట్లాడుకుంటూనే లైనంతా రోడ్డు మీదికి వచ్చింది. నా మిషను ఒక్కదాన్నే మోయలేకపోతే ఇద్దరు కాలేజీ పిల్లలు చెరోవైపు పట్టారు.

వడ్ల లారీలు వచ్చి ఆగాయి. దింపే హమాలీలు తమ సామాను మీద కూర్చొని ఉన్నారు. హరిలాల్ సమ్మె పిలుపు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని లేకపోయింది. మిల్లు గేటు దగ్గర పాండురంగం సేటు ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. మిర్యాలగూడ నుంచి హమాలీలను పంపమని అడుగుతున్నాడు. "ఎందుకు రారు? ఎవలు చెప్పిండ్రు ఆల్లకు?" అని అరిచాడు. హరిలాల్ తన ఫోను జేబులో పెట్టుకొని నవ్వాడు.

అప్పుడే డ్యూటీ దిగి శిరీష వచ్చింది. చేతిలో ఇనప పెట్టె. ఆమె కోసం అందరూ జరిగారు.

"ఈడ పెట్టు బిడ్డా, నా పక్కకు," అంది రంగి. "ఈడ నీడ ఉన్నది."

"ఆమె పక్కకెందుకు? నా తాన పెట్టు," అంది జ్యోతి.

శిరీష ఇద్దరినీ చూసింది. రంగిని ఎక్కువసేపు చూసింది.

"యాడ పెట్టుకోవాల్నో నేను సూసుకుంట యాడీ."

దుర్గయ్య బండిని దాటి ముందుకు నడిచింది. మొదటి లారీ బంపరుకు ఎదురుగా, ఎండలో, దారి నట్టనడుమ పెట్టె దించింది. దాని మీద కూర్చుంది. డ్రైవరు హారన్ మోగించాడు. మళ్ళీ మోగించాడు. ఆమె ఫోను తీసి తండాలోని తల్లికి చేసింది. తమ భాషలో, హారన్ మీదుగా వినపడేంత గట్టిగా మాట్లాడింది.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. అతని వెనక లారీ ఆగింది. దాని వెనకది ఆగింది. కోదాడ రోడ్డు దాకా ఒక్కో ఇంజనే ఆగిపోతుంటే, మేం రోడ్డు మీద పొయ్యిలు వెలిగించాం.